తొమ్మిదో నిమిషంలో నీళ్లుంటాయా? ఒక్క బండి ఫైర్ స్టేషన్ మీద రివ్యూ

ఒక షెడ్డు, అందులో ఒక ఎర్ర బండి, పక్కన వాచ్ రూమ్, వెనకాల బోరు, హోసులు ఆరేసే టవర్. మన చిన్న పట్నాల్లో ఫైర్ స్టేషన్ అంటే చాలాచోట్ల ఇంతే. చుట్టుపక్కల రెండు మూడు మండలాల్లో గడ్డివాము అంటుకున్నా, బావిలో గేదె పడ్డా, జిన్నింగ్ మిల్లులో పొగ లేచినా ఈ బండే కదలాలి. 101కి ఫోన్ చేస్తే పైసా తీసుకోకుండా వచ్చే ఈ సేవకు జనం వేసే మార్కులన్నీ ఒక్క విషయం మీదే: బండి ఎంత తొందరగా వచ్చింది. "అంతా బూడిదయ్యాక గంట కొట్టుకుంటూ వచ్చారు" అనే మాట వినపడని ఊరు లేదు.

ఆ కొలత సగమే సరైంది. కేంద్ర హోంశాఖకు ఈ విషయాల్లో సలహాలిచ్చే స్టాండింగ్ ఫైర్ అడ్వైజరీ కౌన్సిల్ లెక్క ప్రకారం పట్టణంలో 5 నుంచి 7 నిమిషాల్లో, పల్లెల్లో 20 నిమిషాల్లో బండి చేరాలి. పాతిక కిలోమీటర్ల అవతలి ఊరికి గంటకు 50 కిలోమీటర్ల వేగంతో ఎక్కడా ఆగకుండా వెళ్లినా అరగంట. పూరిగుడిసె అంతసేపు ఆగదు. అక్కడ బండి కాపాడేది గుడిసెను కాదు, దాన్ని ఆనుకున్న నాలుగిళ్లను. దూరం స్టేషన్ వాళ్ల చేతుల్లో లేదు. వచ్చాక ధార తెగకుండా నిలపడం మాత్రం వాళ్ల చేతుల్లోనే ఉంది. దానికి పరీక్ష తొమ్మిదో నిమిషంలో వస్తుంది.

లెక్క ఇదీ. ఎక్కువగా కనబడే వాటర్ టెండర్‌లో, అంటే నీళ్ల ట్యాంకు, పంపు ఉన్న ఫైరింజన్‌లో, ట్యాంకు 4500 లీటర్లు. బ్రాంచికి (హోస్ చివర చేత్తో పట్టుకునే గొట్టానికి) 20 మిల్లీమీటర్ల నాజిల్ పెట్టి, నాజిల్ దగ్గర 4 బార్ ప్రెషర్ ఉంచితే నిమిషానికి సుమారు 530 లీటర్లు పోతాయి. నాజిల్ సైజుని మిల్లీమీటర్లలో దానితోనే హెచ్చవేసి, ప్రెషర్ వర్గమూలంతో గుణించి, అందులో మూడింట రెండు వంతులు తీసుకుంటే లీటర్లు వచ్చేస్తాయి. పంపు దగ్గర నిలబడే మనిషికి ఎక్కాల్లా నోటికి రావాల్సిన లెక్క. అంటే ఒక్క బ్రాంచికి ట్యాంకు ఎనిమిదిన్నర నిమిషాలు. రెండు తెరిస్తే నాలుగు నిమిషాల పైచిలుకు. అదే 12 మిల్లీమీటర్ల నాజిల్ అయితే నిమిషానికి 190 లీటర్లే, ట్యాంకు ఇరవై మూడు నిమిషాలు వస్తుంది.

కాబట్టి ఏ నాజిల్ బిగించారన్నదే ఆ క్రూ ఎంత నేర్చుకుందో చెప్పే మొదటి గుర్తు. పెద్ద నాజిల్ ధార దూరం పోతుంది, ఫొటోలో గొప్పగా పడుతుంది. కానీ ఒక్క గదిలో మంచం, బీరువా కాలుతుంటే బండిలోనే చుట్టి ఉండే సన్నటి హోస్ రీల్ చాలు. స్ప్రే చేసిన నీళ్లు ఆవిరై వేడిని మోసుకుపోతాయి. దూరంగా కొట్టిన లావు ధారలో చాలా భాగం గోడకు తగిలి డ్రైనేజీలోకి పోతుంది. పైగా 20 మిల్లీమీటర్ల నాజిల్ 4 బార్ దగ్గర పాతిక కిలోల బరువుతో వెనక్కి నెడుతుంది. ఒక్కడే పట్టుకుని తిప్పితే అలసిపోతాడు, చేయి జారితే ఇత్తడి బ్రాంచి పాములా లేచి తల పగలగొడుతుంది. ఇద్దరు పట్టుకుంటున్నారా, ముందువాడి వెనక రెండోవాడు హోస్‌ని నడుముకి ఆనించి నిలబడుతున్నాడా అన్నది రోడ్డు మీంచే కనబడుతుంది. ఈ విషయంలో మన స్టేషన్లకి మంచి మార్కులే వేయొచ్చు. హోస్ డ్రిల్ పొద్దున్నే చేసే అలవాటు, నంబర్ వన్, నంబర్ టూ అని ఎవరి పని వాళ్లకి పంచే పద్ధతి ఒంట్లో ఇంకిపోయి ఉంటుంది.

చిక్కు ట్యాంకు అయిపోయాక మొదలవుతుంది. చిన్న పట్నాల్లో రోడ్డు పక్క హైడ్రెంట్ (ఫైరింజన్ నీళ్లు పట్టుకునే కుళాయి) మీద ఆశ పెట్టుకోవడానికి లేదు. బండి తిరిగి స్టేషన్ బోరు దగ్గరికి పోయి, నిమిషానికి 200 లీటర్లు పోసే మోటారు కింద నిలబడితే నిండడానికే ఇరవై రెండు నిమిషాలు. రానుపోను దూరం దీనికి అదనం. ఆ ముప్పావుగంటలో చల్లారిన మంట మళ్లీ లేస్తుంది. అందుకే దగ్గర్లోని చెరువు, కాలువ, సంపు, బావిలోంచి పంపుతో నీళ్లు లాగడం, అంటే సక్షన్ వేయడం, ఈ సేవలో అన్నిటికన్నా విలువైన నేర్పు. ఎక్కువ స్టేషన్లలో అన్నిటికన్నా తక్కువ సాధన చేసేదీ ఇదే. కారణం చూస్తే నవ్వొస్తుంది. డ్రిల్ గ్రౌండ్‌లో ట్యాంకులో నీళ్లుంటాయి కాబట్టి ట్యాంకుతోనే కానిచ్చేస్తారు. సక్షన్ హోసులు బండి పక్కన పట్టీలకి బిగించినవి బిగించినట్టే రంగు వెలిసిపోతాయి.

పద్ధతిగా చేస్తే ఇలా ఉంటుంది. బండిని గట్టు మీద నీటికి వీలైనంత దగ్గరగా, కింద నేల గట్టిగా ఉన్నచోట నిలపాలి. ట్యాంకులో ఇంకా నీళ్లుంటే మొత్తం బండి బరువు పది టన్నులు దాటుతుంది, తడి గట్టు కుంగుతుంది. 100 మిల్లీమీటర్ల సక్షన్ హోసు ముక్కల్ని నేల మీదే కలపాలి. ప్రతి కప్లింగ్‌లో వాషర్ ఉందో లేదో వేలు పెట్టి తడిమి చూడాలి. సక్షన్ రెంచ్‌తో రెండు వైపుల నుంచీ బిగించాలి. చివర స్ట్రెయినర్ అనే జల్లెడ, దానికి తాడు. ఆ తాడు బండికో చెట్టుకో కట్టాలి, లేకపోతే హోస్ బరువంతా పంపు ఇన్‌లెట్ మీద పడుతుంది. స్ట్రెయినర్ అడుగు లోతుకి తగ్గకుండా మునగాలి, పైపైనే మునిగితే సుడి తిరిగి గాలి పీలుస్తుంది, కింద బురదకి ఆనితే రాళ్లు, బురద పంపులోకి వస్తాయి. ఆపైన నీళ్లు బయటికి పంపే డెలివరీ వాల్వులన్నీ మూసి, సక్షన్ హోసులోని గాలిని లాగేసే ప్రైమర్ వేసి, వ్యాక్యూమ్‌ని చూపే కాంపౌండ్ గేజ్ చూస్తూ ఉండాలి. నీళ్లు పట్టగానే ప్రెషర్ గేజ్ ముల్లు కదులుతుంది. అప్పుడు ప్రైమర్ ఆపి, డెలివరీ మెల్లగా తెరవాలి. ఒక్కసారిగా తెరిస్తే హోసులో నిలిచిన నీటి స్తంభం తెగి మళ్లీ మొదటికొస్తుంది.

ఆరోగ్యంగా ఉన్న పంపు అయితే ప్రైమర్ వేసిన అర నిమిషంలో నీళ్లు పట్టాలి. పట్టకపోతే దోషం ఎక్కడుందో వెతికే క్రమం ఒకటుంది. అది తెలిసినవాళ్లు రెండు నిమిషాల్లో తేలుస్తారు, తెలియనివాళ్లు ఇంజన్ రేజ్ చేస్తూ కూర్చుంటారు. ఎక్కువసార్లు పట్టుబడే దొంగ ట్యాంకు నుంచి పంపుకి వచ్చే వాల్వ్. ట్యాంకు ఖాళీ అయ్యాక దాన్ని మూయడం మరిచిపోతే ప్రైమర్ చెరువు నీళ్ల బదులు ఖాళీ ట్యాంకులోని గాలినే లాగుతుంది. రెండోది ఎండిపోయి పగుళ్లిచ్చిన వాషర్. మూడోది పంపు షాఫ్ట్ దగ్గర గాలి చొరకుండా ఆపే గ్లాండ్ వదులవడం. నాలుగోది ఎవరికీ తట్టనిది: గట్టు పిట్టగోడ మీంచి హోస్ వేసినప్పుడు అది పంపు ఇన్‌లెట్ కన్నా ఎత్తులో వంపు తిరిగితే ఆ వంపులో గాలి చిక్కుకుంటుంది. నీటి నుంచి పంపు దాకా హోస్ ఎక్కుతూనే రావాలి, ఎక్కి దిగకూడదు.

నీళ్లు పట్టాక కూడా గేజ్ మాట్లాడుతూనే ఉంటుంది. వ్యాక్యూమ్ పెరిగి, డెలివరీ ప్రెషర్ పడిపోతుంటే స్ట్రెయినర్‌కి ఏదో అడ్డం పడింది. మన చెరువుల్లో తొంభై పాళ్లు అది గుర్రపుడెక్కే. అందుకే స్ట్రెయినర్‌కి పైన బుట్ట తొడగాలి. బుట్ట లేనిచోట వెదురు తట్టలో పెట్టి దించినా పని జరుగుతుంది. వ్యాక్యూమ్ ఉన్నట్టుండి సున్నాకి వస్తే గాలి దూరింది. పంపులోంచి గులకరాళ్లు తిరుగుతున్నట్టు చప్పుడు వస్తే లాగగలిగినదాని కన్నా ఎక్కువ లాగుతున్నారని అర్థం, ఇంజన్ వేగం తగ్గించాలి.

లోతుకి కూడా హద్దుంది. గాలి ఒత్తిడి నీటిని నెట్టగలిగేది లెక్కకి పది మీటర్లు, పనిలో ఏడు మీటర్లే. తెలంగాణ, రాయలసీమ వ్యవసాయ బావుల్లో వేసవిలో నీళ్లు అంతకన్నా లోతుకి దిగిపోతాయి. అక్కడ టెండర్ పంపు ఎంత కొత్తదైనా లాభం లేదు. రైతు సబ్‌మెర్సిబుల్ మోటారే దిక్కు. ఇక్కడొక తిరకాసు. మంట మీద కరెంటు తీగలున్నాయని ఆ ఫీడర్‌కి (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే కరెంటు లైనుకి) ఎల్‌సీ తీసుకుంటే, అంటే సరఫరా ఆపిస్తే, అదే లైను మీదున్న బోరు మోటార్లూ ఆగిపోతాయి. ఏ ఊరి బోరు ఏ ఫీడర్ మీద ఉందో ముందే రాసిపెట్టుకున్న స్టేషన్‌ని సిద్ధంగా ఉన్న స్టేషన్ అనొచ్చు. ఆ కాగితంలోనే మున్సిపాలిటీ ట్యాంకర్ డ్రైవర్ల నంబర్లు, ట్రాక్టర్ ట్యాంకర్లు ఉన్న రైతుల నంబర్లు కూడా ఉండాలి. 5000 లీటర్ల ట్రాక్టర్ ట్యాంకర్ ఒకటి మంట దగ్గరికి వచ్చి నిలబడితే రెండో ఫైరింజన్ వచ్చినట్టే.

బండి కదిలే సంగతి. గంట మోగిన నిమిషంలోపు షెడ్డు దాటాలన్నది మంచి స్టేషన్ల పట్టుదల. మనుషులు పరిగెత్తడం ఎప్పుడూ సమస్య కాదు, ఎయిర్ బ్రేకులే సమస్య. రాత్రంతా నిలబడ్డ పాత బండిలో గాలి సన్నగా లీకై, పొద్దున స్టార్ట్ చేస్తే ట్యాంకుల్లో గాలి నిండేదాకా బ్రేకు వదలదు. మూడు నాలుగు నిమిషాలు అక్కడే పోతాయి. డ్యూటీ మారిన ప్రతిసారీ ఇంజన్ స్టార్ట్ చేసి, గాలి ముల్లు చూసి, పీటీవో (ఇంజన్ శక్తిని పంపుకి మళ్లించే గేరు) వేసి పంపు తిప్పి, లైట్లు, సైరన్ చూసి రిజిస్టర్‌లో రాయమనేది ఇందుకే. రిజిస్టర్‌లో "అన్నీ బాగున్నాయి" అని రోజూ ఒకే చేతిరాతతో ఉంటే అనుమానించాలి. నిజంగా చూసినవాడు నెలకి రెండుసార్లైనా ఏదో ఒకటి బాగాలేదని రాస్తాడు.

డ్రైవర్ ఆపరేటర్ గురించి ఒక మాట. నాలుగున్నర టన్నుల నీళ్లు వెనక ఊగుతుంటే మలుపులో బండి నడిచే తీరు వేరు. ట్యాంకు నిండుగా ఉన్నప్పటికన్నా సగం ఉన్నప్పుడే ప్రమాదం, లోపల అడ్డపలకలు ఉన్నా సరే. మంట నుంచి తిరిగొచ్చేటప్పుడు సగం ట్యాంకుతో రావద్దు, నింపుకునైనా రండి, ఖాళీ చేసైనా రండి అని పాతవాళ్లు చెప్పేది ఇందుకే.

హోసుల దగ్గర చూడాల్సింది ఒకటే చిన్న వస్తువు. 63 మిల్లీమీటర్ల డెలివరీ హోస్‌కి ఒక చివర మేల్, ఒక చివర ఫీమేల్ కప్లింగ్ ఉంటుంది. ఫీమేల్ లోపల నల్లటి రబ్బరు వాషర్. బొటనవేలంత మందం కూడా ఉండదు. కడిగి ఆరేసేటప్పుడు అది జారిపోతుంది, ఎవరూ గమనించరు. తర్వాతి కాల్‌లో ఆ జాయింట్ దగ్గర నీళ్లు గొడుగులా చిమ్ముతాయి, బ్రాంచి దగ్గర ప్రెషర్ ఉండదు. మేల్ చివర పంపు వైపు, ఫీమేల్ చివర మంట వైపు పరవాలి. హడావుడిలో తిరగేసి పరిస్తే ముప్పై మీటర్ల హోస్ మళ్లీ మొదటి నుంచి లాగాల్సిందే. డ్రిల్ గ్రౌండ్‌లో హోస్ తాడులా సూటిగా విప్పుకుంటుంది. బజారులో టూవీలర్ల మధ్య, కూరగాయల బండ్ల కింద, మలుపు తిరిగే సందులో విప్పడం వేరే విద్య. నెలకొకసారి డ్రిల్‌ని గ్రౌండ్ నుంచి తీసుకెళ్లి మార్కెట్ సందులో, రాత్రిపూట చేసే స్టేషన్ ఉందంటే ఆ స్టేషన్ ఆఫీసర్‌కి నమస్కారం పెట్టాలి.

ఇక గాలి సెట్టు, అంటే వీపున సిలిండర్, ముఖానికి మాస్కు ఉండే బ్రీతింగ్ ఆపరేటస్. స్టేషన్లలో ఇప్పుడు కనబడుతోంది, కాల్‌లో మాత్రం భుజానికెక్కడం తక్కువ. ముఖానికి తడి తువ్వాలు కట్టుకుని పొగలోకి దూరడం ధైర్యం కింద లెక్కేసే రోజులు ఇంకా పూర్తిగా పోలేదు. తడి తువ్వాలు కార్బన్ మోనాక్సైడ్‌ని ఆపదు. అంతే సంగతి.

సెట్టు లెక్క ముందు చెప్పిన నీళ్ల లెక్కలాంటిదే. 6 లీటర్ల సిలిండర్‌ని 300 బార్‌కి నింపితే 1800 లీటర్ల గాలి. నిమిషానికి 40 లీటర్ల చొప్పున పీలిస్తే 45 నిమిషాలని కాగితం చెబుతుంది. మెట్లెక్కుతూ హోస్ లాగేవాడు 80 లీటర్లు కూడా పీలుస్తాడు. అప్పుడు 22 నిమిషాలే. గాలి తగ్గిందని హెచ్చరించే విజిల్ 55 బార్ దగ్గర మోగేసరికి మిగిలేది 330 లీటర్లు, ఆ వేగంలో నాలుగు నిమిషాలు. విజిల్ వినిపించాక వెనక్కి తిరగడం కాదు, విజిల్ మోగేసరికి బయట ఉండాలి. స్టేషన్‌లో కంప్రెసర్ లేకపోతే సిలిండర్లు నింపడానికి వేరే ఊరికి పంపాలి. దాంతో "వాడితే ఖాళీ అవుతుంది" అని సాధన మానేస్తారు. ఫలితంగా గేజ్ 200 దగ్గర ఉన్న సిలిండర్లు సంవత్సరాల తరబడి అలాగే ఉంటాయి. 200 బార్ అంటే 1200 లీటర్లు, కష్టపడి పనిచేసేవాడికి పావుగంట.

వేసుకునే ముందు చేయాల్సిన పరీక్షకి నిమిషం చాలు. వాల్వ్ తెరిచి గేజ్ చూడాలి, వాల్వ్ మూసి ఒక నిమిషం ముల్లుని గమనించాలి, 10 బార్ కన్నా ఎక్కువ పడితే ఎక్కడో లీకు. తర్వాత మెల్లగా గాలి వదులుతూ విజిల్ ఏ అంకె దగ్గర మోగుతుందో చూడాలి. ఇక మాస్కు. గడ్డం ఉంటే మాస్కు ముఖానికి అతకదు, రెండు రోజుల మొలక కూడా చాలు లీకవడానికి. మన దగ్గర దీనికో ప్రత్యేకమైన సీజన్ ఉంది: కార్తీకం నుంచి సంక్రాంతి దాకా అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు గడ్డం తీయరు. అందులో తప్పుపట్టేదేం లేదు. ఆ 41 రోజులూ వాళ్లని పంపు దగ్గర, వాచ్ రూమ్‌లో వేసి, సెట్టు డ్యూటీ వేరేవాళ్లకి రాస్తే సరిపోతుంది. డ్యూటీ చార్టులో ఆ మార్పు కనబడితే ఆ స్టేషన్‌లో ఎవరో ఆలోచిస్తున్నారని తెలుస్తుంది.

పొగ కన్నా ఈ సెట్టు అవసరం ఎక్కువగా పడేది బావుల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో. ఒకడు దిగి పడిపోతాడు, తీయడానికి దిగిన అన్న పడిపోతాడు, వాళ్ల కోసం మూడోవాడు. ఊళ్లో జనం వేపమండలు దించి గాలి కదపడమో, లాంతరు దించి చూడడమో చేస్తారు. మండ ఊపితే కొంత మేలు జరగొచ్చు గానీ లాంతరుని మాత్రం నమ్మకూడదు. ఆక్సిజన్ బాగా తగ్గితే దీపం ఆరుతుంది, నిజమే. కానీ హైడ్రోజన్ సల్ఫైడ్ ఉన్నచోట దీపం వెలుగుతూనే ఉంటుంది, మనిషి పోతాడు. కుళ్లిన గుడ్ల వాసన వచ్చి, కాసేపటికి రావడం మానేసిందంటే గ్యాస్ పోయినట్టు కాదు, ముక్కు మొద్దుబారినట్టు. నాలుగు గ్యాసుల డిటెక్టర్‌ని తాడుకి కట్టి పైన, మధ్యలో, కింద, మూడు చోట్ల ఆపి చదవాలి. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం. 19.5కి తగ్గితే సెట్టు లేకుండా ఎవరూ దిగకూడదు. డిటెక్టర్ ఉందా అని అడగడంతో ఆగకుండా చివరిసారి ఎప్పుడు కాలిబ్రేట్ చేశారో, అంటే అంకెలు సరిచూసి దిద్దారో, అడగాలి. సెన్సార్లకి వయసుంటుంది, అయిపోయాక కూడా స్క్రీన్ మీద ముచ్చటగా అంకెలు చూపిస్తూనే ఉంటాయి కొన్ని.

గేదెల్నీ ఆవుల్నీ తీయడంలో మాత్రం మన వాళ్లకి తిరుగులేదు. పాడైపోయి పక్కన పడేసిన డెలివరీ హోస్‌నే పట్టీగా వాడతారు. 63 మిల్లీమీటర్ల హోస్ చదునుగా పరిస్తే దాదాపు పది సెంటీమీటర్ల వెడల్పు, పొట్ట కింద వేస్తే తాడులా కోసుకుపోదు. ఒకటి ముందుకాళ్ల వెనక, ఒకటి వెనకకాళ్ల ముందు. జేసీబీ బకెట్‌కి తగిలించి మెల్లగా లేపుతారు. ఈ ఒక్క పనికి ఐదుకి ఐదు.

కరెంటు విషయంలో క్రమశిక్షణ బాగానే ఉంది. సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి ఎల్‌సీ తీసుకోకుండా తీగల మీదకి నీళ్లు కొట్టే క్రూ ఈ రోజుల్లో అరుదు. కాల్ చేసే జనం కూడా కరెంటు వాళ్ల 1912కి ఇంకో ఫోన్ చేస్తే ఐదు నిమిషాలు కలిసొస్తాయి. కొత్తగా నేర్చుకోవాల్సింది ఇంటిపై సోలార్ పలకల గురించి. లైను తీసేసినా పగటిపూట పలకల నుంచి ఇన్వర్టర్ దాకా వైర్లలో డీసీ కరెంటు అలాగే ఉంటుంది. గ్యాస్ సిలిండర్ మంటలకైతే సూత్రం పాతదే: వాల్వ్ మూయగలిగేదాకా మంటని ఆర్పకూడదు, సిలిండర్‌ని చల్లబరుస్తూ ఉండాలి. మంట ఆరి గ్యాస్ ఆగకపోతే, అది గాలికన్నా బరువు కాబట్టి నేలబారున పాకి, పక్కింటి పొయ్యి దగ్గర అంటుకుంటుంది.

పెట్రోల్ మంటల మీద కప్పే నురగ, అంటే ఫోమ్ గురించి పొడిగా చెప్పేయొచ్చు. నిమిషానికి 225 లీటర్ల ఫోమ్ బ్రాంచికి 3 శాతం కాంపౌండ్ (నీళ్లలో కలిపే నురగ ద్రావణం) వాడితే 20 లీటర్ల క్యాన్ ఒకటి మూడు నిమిషాలకి అయిపోతుంది. బండిలో రెండు క్యాన్లు పెట్టుకుని హైవే మీద బోల్తాపడ్డ పెట్రోల్ ట్యాంకర్ దగ్గరికి పోవడమంటే ఆరు నిమిషాల పని. పెట్రోల్ బంకులు, డిపోల దగ్గర కాంపౌండ్ ఎంత ఉందో ముందే తెలిసుండాలి.

పత్తి మీద మాత్రం కాస్త ఆగాలి. ఆదిలాబాద్ నుంచి గుంటూరు దాకా సీజన్‌లో వచ్చే కాల్స్‌లో కష్టమైనవి ఇవే. సుమారు 170 కిలోల బేలు గట్టిగా నొక్కి ఉంటుంది, నిప్పు లోపలికి తొలుచుకుపోతుంది, పైన నీళ్లు జారిపోతాయి. తెల్లారికి ఆరిందని వెళ్లిపోతే మధ్యాహ్నానికి మళ్లీ పొగ. బద్దీలు తెంచి, విప్పి, తడిపి, దూరంగా వేరుచేయడం తప్ప దారిలేదు. విడి పత్తి కుప్ప మీద సూటి ధార కొడితే మండుతున్న దూది ఎగిరి అవతలి కుప్ప మీద పడుతుంది. స్ప్రేతోనే మొదలుపెట్టాలి. మిర్చి కోల్డ్ స్టోరేజీ అయితే ఆ ఘాటులో గాలి సెట్టు లేకుండా నిమిషం కూడా నిలబడలేరు.

వీటన్నిటికీ మనుషులు కావాలి. లీడింగ్ ఫైర్‌మ్యాన్, డ్రైవర్ ఆపరేటర్, నలుగురు ఫైర్‌మ్యాన్లు ఉంటే బండి నిండినట్టు. సెలవులు, ఖాళీలు, బందోబస్తు డ్యూటీలు పోను ముగ్గురే ఎక్కారనుకోండి. ఒకరు పంపు, ఇద్దరు బ్రాంచి. నిచ్చెన వేసేవాళ్లు లేరు, సెట్టు వేసుకుని లోపలికి జంటగా వెళ్లేవాళ్లు లేరు, వెళ్లినవాళ్ల టైము రాసేవాళ్లు లేరు. నాగ్‌పూర్‌లోని నేషనల్ ఫైర్ సర్వీస్ కాలేజీలో ఎంత మంచి కోర్సు చేసొచ్చిన ఆఫీసర్ ఉన్నా ముగ్గురితో ఆరుగురి పని చేయించలేడు. ఈ సేవ మీద ఫిర్యాదు రాయదలిస్తే స్టేషన్ మీద కాదు, ఈ ఖాళీల మీద రాయాలి.

మార్కులు అడిగితే: బయల్దేరడం, హోస్ పని, పశువుల రెస్క్యూ బాగున్నాయి. నీళ్లు తిరిగి అందుకోవడం, గాలి సెట్టు వెనకబడ్డాయి. మొత్తానికి ఐదుకి మూడు. ఇళ్లు, దుకాణాలు, గడ్డివాములకి ఈ ఒక్క బండి సేవ సరిపోతుంది. జిన్నింగ్ మిల్లు, కోల్డ్ స్టోరేజీ, ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ ఉన్నవాళ్లు దీన్నే నమ్ముకుని కూర్చోకూడదు. సొంత సంపు, సొంత పంపు ఉండాలి, గేటు 4.5 మీటర్ల వెడల్పు ఉండాలి, సంపు మూత దగ్గరికి బండి వచ్చేలా దారి ఉండాలి. గేటు ముందు వేసిన ఆర్చీ కింద బండి పడుతుందో లేదో ఒకసారి స్టేషన్ వాళ్లని పిలిచి చూపించుకుంటే పోయేదేం లేదు. మంట తర్వాత ఇన్సూరెన్స్‌కి కావాల్సిన సర్టిఫికెట్ కూడా ఈ స్టేషనే ఇవ్వాలి కాబట్టి, కాల్ చేసిన టైము రాసిపెట్టుకోండి.

ఏప్రిల్ 14 నుంచి 20 దాకా ఫైర్ సర్వీస్ వారోత్సవాలు. 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికిన్ ఓడ పేలి చనిపోయిన 66 మంది అగ్నిమాపక సిబ్బంది జ్ఞాపకార్థం జరుపుతారు. ఆ వారం స్కూళ్లలో, బస్టాండ్లలో వంటగ్యాస్ సిలిండర్ మీద తడి గోనెపట్టా వేసి ఆర్పడం చూపిస్తారు, చప్పట్లు కొడతాం. ఈసారి మీ ఊరి స్టేషన్ వాళ్లని చెరువు గట్టు మీద సక్షన్ వేసి చూపించమని అడగండి. ఖాళీ ట్యాంకుతో రమ్మనండి. ప్రైమర్ వేసిన అర నిమిషానికి నీళ్లు పడితే టీ తాగించండి. పడకపోతే ట్యాంకు వాల్వ్ మూశారా అని మెల్లగా అడిగి, వాళ్లు వాషర్ వెతుక్కునేదాకా అక్కడే నిలబడండి.